తొట్టెడు నీళ్ళూ మూడు చుక్కలూ

ఫిబ్రవరి 3

చిట్టీ,

నువ్వూ, బావగారూ, నీ మోకాలూ ముగ్గురూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మీ వదిన బాగుంది. నేనెలా ఉన్నానో ఆవిణ్ణే అడగాలి. నా సంగతులు నాకంటే ఆవిడకే ముందు తెలుస్తాయి.

నాకో చిక్కొచ్చి పడింది. నాలుగు నెలల కిందట మా సంఘంలోకి ఒక జంట కొత్తగా వచ్చారు. ఆయన వాచీలు బాగుచేస్తాడు, ఆవిడ బట్టలు కుడుతుంది. భూతద్దం పెట్టుకుని పెట్టుకుని ఆయనకి ఒక కన్ను సగం మూసి చూడటం అలవాటైపోయింది. మొదటి వారం నేను పలకరిస్తే అలాగే చూశాడు. నా మాట నమ్మడం లేదేమో అనుకుని ఇంకో పావుగంట మాట్లాడాను.

ఆవిడ మా పద్ధతిలోనే, పెద్దయ్యాక, నిండా మునిగి బాప్తిస్మం పొందింది. ఆయనకి మాత్రం నలభై రోజుల పసివాడప్పుడు నెత్తిన నీళ్ళు చిలకరించారు, మీ అత్తవారి సంఘంలో చేసినట్టు. మా నియమం నీకు తెలుసు. ఎరిగి, నమ్మి, మునిగినవాళ్ళకే సభ్యత్వం, వాళ్ళకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె. నెలనెలా మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల వెంట వెళ్ళేది నేనే కనక, ఆయన్ని దాటి వెళ్తాను. దాటగానే ఆవిడ కూడా చేతులు ఒళ్ళో పెట్టేసుకుని తల అడ్డంగా ఊపుతుంది. ఆయనకి లేనిది తనకెందుకని. ఇలాగే సాగితే ఇద్దరూ వేరే సంఘం చూసుకుంటారని పాస్టరుగారి భయం.

మొన్న నన్ను పిలిచి, "మీరు వెళ్ళి బాప్తిస్మం సంగతి ఆయనతో మెల్లగా మాట్లాడండి" అన్నారు.

"మెల్లగా అంటే?"

"అంటే మీరు మాట్లాడినట్టు కాకుండా."

మరి నన్నే ఎందుకు పంపడమంటే, బాప్తిస్మం తొట్టి నా చేతిది కదా. ముప్పై ఏళ్ళ కిందట వేదిక పలకల కింద ఆ తొట్టికి గొట్టాలు బిగించింది నేనే. మూడు వేల మూడు వందల లీటర్లు. మొట్టమొదటిసారి నింపినప్పుడు గొట్టాల్లో తుప్పు పోలేదు. తెల్ల అంగీలతో దిగిన ఏడుగురూ ఇటుక రంగులో పైకొచ్చారు. అప్పటి పాస్టరుగారు ఇది పాపం కడిగిన నీళ్ళ రంగని చెప్పి నా పరువు కాపాడారు. అదలా ఉంచు. ఇన్ని నీళ్ళుండగా మనిషి మూడు చుక్కలతో సరిపెట్టుకోవడమేమిటని నా బాధ. కుళాయి విప్పి, కారుతోందో లేదో చూసి, కట్టేసినట్టు.

నువ్వు ముప్పై నాలుగేళ్ళు పసిపిల్లల వార్డులో నర్సువి. ఎంత చేదు మాటైనా సూది తెలియకుండా మందెక్కించినట్టు చెప్పగలవు. ఏదైనా దారి చెప్పు.

నోటి దురుసు తప్ప మరే చెడ్డ అలవాటూ లేని
నీ అన్నయ్య


ఫిబ్రవరి 11

అన్నయ్యా,

నీ ఉత్తరం మోకాలికి చదివి వినిపించాను. తనని పేరుపేరునా అడిగినందుకు సంతోషించింది. మీ బావగారు పెరట్లో టమాటా మొక్కలకి కర్రలు పాతుతున్నారు. మొక్కలకంటే కర్రలే ఎక్కువున్నాయి.

దారి అడిగావు కనక చెప్తాను. వార్డులో ఒకసారి కొత్తగా తండ్రైన ఒకాయన బిడ్డని ఎత్తుకోవడానికి భయపడి గోడకి అంటుకుపోయాడు. మా పెద్ద నర్సమ్మ తల ఇలా పట్టుకోవాలి, మెడ ఇలా ఆనించాలి అని పావుగంట పాఠం చెప్పింది. ఆయన పాలిపోయాడు. నేను పక్కకెళ్ళి, "మీ నాన్న మిమ్మల్ని ఎలా ఎత్తుకునేవారు?" అన్నాను. అంతే, చేతులు చాపాడు. నేర్పే ముందు అడగాలి, అన్నయ్యా. నీళ్ళు తల మీద పడితే చాలా, మెడ దాకా రావాలా అన్న సంగతి తరవాత. ముందు ఆయనది ఎలా జరిగిందో చెప్పించుకో. చెప్తుంటే మధ్యలో దిద్దకు. నువ్వు దిద్దుతావు.

ఇంకొకటి. మొదటిసారే మతం మాట ఎత్తకు. ఏదో పని మీద కలువు. పని చేస్తూ మాట్లాడుకునేవాళ్ళకి పోట్లాడే తీరిక ఉండదు.

మూడు చుక్కల మాట మాత్రం ఆయన దగ్గర అనకు. నా దగ్గరంటే సరే, నాకు అలవాటైపోయింది.

ముక్కుసూటి మనిషికి అడ్డు తిరిగే
చెల్లి


ఫిబ్రవరి 27

చిట్టీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. కొంపలంటుకున్నాయి.

ఏదో పని మీద కలవమన్నావు కదా. మందిరంలో గోడ గడియారం డిసెంబరు నుంచీ పదకొండూ పదికే ఆగిపోయి ఉంది. దాంతో పాస్టరుగారి ప్రసంగానికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఇంతకంటే మంచి పని ఏముంటుందని వాచీ ఆయనకి ఫోను చేశాను. శనివారం వస్తానన్నాడు. ఇక్కడి దాకా అంతా సవ్యంగానే ఉంది.

మన చెక్క నిచ్చెన డెబ్భై కిలోలు దాటితే మూలుగుతుంది. అందుకని, "మీ బరువెంతండీ?" అని అడిగాను. ఆ గడియారం వెనక ఏళ్ళనాటి దుమ్ము. అందుకని, "ఒక జత పొడి బట్టలు తెచ్చుకోండి, తువ్వాలు కూడా" అన్నాను. వేదిక తెర అంచు చిరిగింది, కుట్టేవాళ్ళకి చూపిద్దామని, "అమ్మగారినీ తీసుకురండి, చూసి సంతోషిస్తారు" అన్నాను. నిచ్చెన పట్టుకోవడానికి మనిషి కావాలి కదా, "పాస్టరుగారు కూడా దగ్గరే ఉంటారు" అన్నాను. ఇందులో ఒక్క మాటైనా అబద్ధముందా, నువ్వే చెప్పు.

అదే శనివారం నేను తొట్టికి కొత్త వాల్వు బిగించాను. వాల్వు బిగించాక తొట్టి నింపి చూడకపోతే నేను ప్లంబర్నే కాదు. వేడినీళ్ళ గొట్టం కూడా పరీక్షించాలి కదా, వేడివి వదిలాను. బయట వాన. మీ వదిన ఉతికిన తెల్ల అంగీలు లోపలే దండెం మీద ఆరేసింది.

వాళ్ళిద్దరూ గుమ్మంలోకి వచ్చేసరికి వేదిక పలకలు ఎత్తి ఉన్నాయి. తొట్టిలోంచి ఆవిర్లు లేస్తున్నాయి. పైన తెల్ల అంగీలు. నేను మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి, నీళ్ళలో చెయ్యి పెట్టి, "రండి రండి, సరిగ్గా మీకు కావలసినంత వేడిగా ఉన్నాయి" అన్నాను. అవతల కేన్లో టీ నీళ్ళు కాగుతున్నాయి, నేనన్నది వాటి గురించి.

ఆయన మూసిన కన్ను కూడా తెరుచుకుంది. ఆ రెండు కళ్ళూ ఒకేసారి తెరిచి ఉండగా నేను చూడటం అదే మొదలు.

"నన్ను ఒక్క మాటైనా అడక్కుండానే?" అన్నాడు.

"అయ్యో, గడియారం కోసమండీ!"

"గడియారం కోసం నా బరువెందుకండీ?"

నేను నీళ్ళు నమిలాను. ఆయన చేతిలో తువ్వాలు అంగీల పక్కన దండెం మీద వేసి, జాగ్రత్తగా అంచులు సరిచేసి మరీ అన్నాడు: "పెద్దాయనా, ఒకసారి సంతకం పెట్టిన కాగితం మీద మళ్ళీ పెట్టమంటే, మొదటిది దొంగసంతకమని ఒప్పుకున్నట్టే. నేను ఒప్పుకోను." వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం ఒక్క నిమిషం ఆగి తెర అంచు చూసి, "నాలుగు మూరల దారం చాలు" అని వెళ్ళింది. మర్నాడు ఇద్దరూ రాలేదు.

పాస్టరుగారు కేన్ దగ్గరికెళ్ళారు. టీ తాగారు. అదే భయంగా ఉంది.

మీ వదిన, "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకలా కంగారుపడ్డారు మీరు?" అంటోంది. నాకే పాపమూ తెలియదని నువ్వైనా నమ్ము.

నిండా మునిగినవాడికి చలేమిటని ఓదార్చుకుంటున్న
నీ అన్నయ్య


మార్చి 6

అన్నయ్యా,

మీ బావగారికి చదివి వినిపిస్తే కుర్చీలోంచి జారి కిందకూర్చున్నారు. ఇంకా అక్కడే ఉన్నారు.

నమ్మమన్నావు. నమ్మాను. నిచ్చెన కోసమే బరువడిగావు, దుమ్ము కోసమే తువ్వాలు. కానీ ఒక్క మాట చెప్పు. నీళ్ళు నిండి, వేడెక్కి, మనిషి గుమ్మంలో నిలబడితే, నీ మనసులో ఏ మూలో, పోనీలే వచ్చాడుగా, అనిపించలేదూ?

వార్డులో ఎలాగో ఆయన దగ్గర అలాగే ఉండమని నీకు రాశాను. ముందు అడగమన్నాను. నువ్వు నా ఉత్తరంలో "ఏదో పని మీద" అన్న ఒక్క ముక్కే చదివినట్టున్నావు.

ఆయన పారిపోయాడని నీకు బాధగా ఉంది. మరి పారిపోనివాళ్ళ సంగతో? పెళ్ళయి నలభై ఏళ్ళు. నీ ఇంటికొచ్చినప్పుడల్లా నీతోబాటు మీ మందిరానికి వస్తున్నాను. వెనకనించి రెండో బల్ల, గోడ పక్క చోటు. పళ్ళెం నా మోకాళ్ళ ముందునించి అటు వెళ్తుంది, మళ్ళీ ఇటు వెళ్తుంది. పట్టుకున్న మనిషి నాకేసి చూడడు. కిటికీకేసి చూస్తాడు. ఈ నలభై ఏళ్ళలో ఒక్కసారన్నా ఆ పళ్ళెం నా ముందు ఆగితే బాగుండునని నాకు లేదనుకున్నావా?

ఇది రాయకూడదనుకుంటూనే రాశాను. కొట్టేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది.

చెల్లి


మార్చి 12

నా బంగారు చిట్టీ,

నీ ఉత్తరం చదివి మీ వదినని వంటింట్లోంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఈ మాట కోసం నేనెన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నానో ఆ దేవుడికే తెలుసు! నువ్వు నోరు తెరిచి అడగాలే గానీ, పళ్ళెం నీ ముందు ఆగకపోవడమేమిటి?

పాస్టరుగారితో మాట్లాడేశాను. ఏప్రిల్ మూడో ఆదివారం ఖాళీ. కొత్త వాల్వు బాగా పనిచేస్తోంది. నీ మోకాలు సంగతి మర్చిపోలేదు. మెట్లకి పట్టుకునే కడ్డీ బిగిస్తాను, అడుగున రబ్బరు పట్టా వేస్తాను, నీళ్ళు ముప్పై అయిదు డిగ్రీలకి ఒక్క గీత తగ్గనివ్వను. కూర్చుని మునిగినా చెల్లుతుందట, అడిగాను. మీ వదిన నీకో అంగీ కుట్టిస్తానంటోంది. పొడుగెంత? బరువు కూడా రాయి. ఈసారి నిచ్చెన కోసం కాదు, నీళ్ళు ఎంత పైకి లేస్తాయో లెక్క చూసుకోవాలి, లేకపోతే తివాచీ తడుస్తుంది.

బావగారు నొచ్చుకుంటారేమో. ఆయనకి నేను వేరే రాస్తాను, మెల్లగా.

ఆనందం పట్టలేని
నీ అన్నయ్య


మార్చి 16

అన్నయ్యకి,

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట నీలాంటివాడే.

నా బరువు నీకనవసరం. మెట్లకి కడ్డీ బిగించకు. మీ బావగారికి ఏమీ రాయకు, మెల్లగా కూడా.

నేనడిగింది మునగడానికి కాదు. నాకు బాప్తిస్మం అయింది. అరవై మూడేళ్ళయింది. ఇంకొకటి అక్కర్లేదు. నీకది బాప్తిస్మమనిపించదు, తెలుసు. నీ నమ్మకం నీది, దాని జోలికి నేనెప్పుడూ రాలేదు. కానీ ఎవరెవరి బాప్తిస్మం ఎలా అయిందో ఆరా తీసే నువ్వు, తోడబుట్టినదాన్ని నన్ను ఒక్కనాడైనా అడిగావా, "నీదెలా అయింది చిట్టీ?" అని? నీకు తెలుసనుకుని ఊరుకున్నావు. తెలియదు నీకు.

వాచీ ఆయనకి కనీసం పారిపోవడానికి గుమ్మముంది. నేనెక్కడికి పోను? నువ్వు నా అన్నవి.

నా దగ్గరనించి కొన్నాళ్ళు ఉత్తరం రాదు.


ఏప్రిల్ 2

చిట్టీ,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. ఈ రెండు వారాలూ మీ వదిన నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఉప్పు, పప్పు, తలుపెయ్యండి. అంతే. నీ పక్షమని నోటితో చెప్పనక్కర్లేదు.

నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టాను. నాలుగుసార్లూ రెండో వాక్యంలోకే వాదన దిగిపోయింది. వయసులో వచ్చిన అలవాట్లు వయసుతో పోవు, ఇంకా ముదురుతాయి. చివరికి కాగితం పక్కన పెట్టేసి వాచీ ఆయన కొట్టుకి వెళ్ళాను.

ఆ కొట్టు రెండు అడుగులు వేస్తే అయిపోతుంది. గోడ నిండా గడియారాలు, ఒక్కటీ రెండోదానితో ఏకీభవించదు. మా సంఘ పెద్దల సభలాగే. ఆయన కంటికి అద్దం పెట్టుకుని ఏదో ఆడవాళ్ళ వాచీ విప్పుతున్నాడు. నన్ను చూసి, "బరువు తూచడానికొచ్చారా?" అన్నాడు.

"కాదండీ. అడగడానికొచ్చాను."

"ఏమిటి?"

"మీ బాప్తిస్మం ఎలా జరిగిందో."

అద్దం తియ్యలేదు, తల ఎత్తలేదు. నేను బల్లపీట మీద కూర్చున్నాను. నా చొక్కా జేబులో పద్నాలుగు బైబిలు వాక్యాలు రాసిన చీటీ ఉంది. ఎంతసేపైందో చెప్పలేను, ఆ గోడ మీద ఒక్కో గడియారం ఒక్కో లెక్క చెప్తోంది. ఆఖరికి పళ్ళచక్రాలతో మాట్లాడుతున్నట్టే మాట్లాడాడు.

"మా నాన్న ఓడలో పనిచేసేవాడు. నాకు నలభయ్యో రోజున, మర్నాడు ఓడెక్కాలని, నన్ను తీసుకెళ్ళాడట. నా తరఫున మాటిచ్చింది నాన్నే. ఎత్తుకోవడం సరిగ్గా చేతకాక, నా నెత్తిన పడాల్సిన నీళ్ళు సగం నాన్న చొక్కా చేతిలోకి పోయాయని అమ్మ చెప్పేది. మర్నాడు ఆ తడి చొక్కాతోనే వెళ్ళాడట. అంతే, మళ్ళీ రాలేదు. నా కోసం నాన్న చేసిన పని అదొక్కటే, పెద్దాయనా. అది చెల్లదని మీ పుస్తకంలో రాసుకుంటే నాకిక నాన్న చేసిందంటూ ఏమీ మిగలదు."

నేనూరుకోవాలి కదా. ఊరుకోలేదు. "కానీ మీకు అది గుర్తే లేదు కదండీ" అన్నాను.

"మీకు పేరు పెట్టిన రోజు మీకు గుర్తుందా?"

"లేదు."

"పిలిస్తే పలుకుతున్నారుగా?"

చీటీ జేబులోనే ఉండిపోయింది. అవతల వాల్వు మూసి ఉంటే ఇవతల కుళాయి ఎంత తిప్పినా నీళ్ళు రావు, అవతలనించి ఎవరో విప్పాలి. ముంచడమే సరైన పద్ధతని నేనిప్పటికీ నమ్ముతాను చిట్టీ, ఆ మాట ఆయనకీ చెప్పాను. "మీరు నమ్మాలి, లేకపోతే ఆ తొట్టి ఎవరు కాస్తారు?" అన్నాడు. టీ తెప్పించాడు. గడియారం బాగుచెయ్యడానికి వస్తానన్నాడు, తొట్టి మూసి ఉంటే.

ఇంటికొస్తూ దారంతా ఆయన తండ్రి చొక్కా చెయ్యే కళ్ళ ముందు. ముక్కూమొహం తెలియని మనిషి కొట్టులో గంటసేపు కూర్చుని అడగగలిగిన మాట, ఇంట్లో పిల్లని అరవై మూడేళ్ళలో అడగలేదు నేను. నువ్వు రోగంతో ఉంటే పక్కింటివాళ్ళ పాస్టరు వచ్చి చిలకరించాడని మాత్రమే తెలుసు. మిగతాది నాకు అడగబుద్ధి కాలేదు. అడిగితే, అది బాప్తిస్మం కాదనడానికి ఇబ్బందవుతుందనేమో.

చిట్టీ, నీదెలా అయింది?

మధ్యలో దిద్దను.

అన్నయ్య


ఏప్రిల్ 9

అన్నయ్యా,

ఉత్తరంలో దిద్దలేవులే, అందుకే చెప్తున్నాను.

నాకు పదకొండో రోజు. పాలు తాగడం మానేశాను, ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు వచ్చి చూసి, రాత్రి గడిస్తే చూద్దామన్నాడు. అమ్మ మన పాస్టరుగారిని పిలిపించింది. ఆయన పాపం మంచి మాటే చెప్పారు. పసిబిడ్డకి నీళ్ళు అక్కర్లేదమ్మా, దేవుడి చేతిలోనే ఉంది, అని. "దేవుడి చేతిలో ఉందని తెలుసండీ. నా చేతిలోంచి జారిపోతోందనే నా ఏడుపు" అందట అమ్మ. ఆయన తల వంచుకుని కూర్చున్నారు తప్ప తన పద్ధతి తప్పలేకపోయారు. అప్పుడు పక్కింటావిడ పరిగెత్తుకెళ్ళి వాళ్ళ పాస్టరుని తీసుకొచ్చింది.

మనం మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. కుళాయేమో కింద, వాకిట్లో. వచ్చినాయన నీళ్ళు కావాలన్నాడు. తొమ్మిదేళ్ళవాడివి, నువ్వు లేచి కిందకి పరిగెత్తావు. ఆయన గిన్నె చేత్తో పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ఎంతకీ రావు. చూస్తే, మెట్టుకోసారి ఆగుతూ, నిండు బకెట్ మోసుకొస్తున్నావు.

ఆయన అందులో మూడు వేళ్ళు ముంచాడు. నా నెత్తిన మూడుసార్లు. అయిపోయింది.

నువ్వు, "అంతేనా?" అన్నావట. "ఇంకా ఉన్నాయిగా!"

"చాలు బాబూ" అన్నాడాయన.

"చాలకపోతే?"

నువ్వా బకెట్ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నా ఉయ్యాల పక్కనే పెట్టి, చాలకపోతే పనికొస్తాయని మూడు రోజులు కాపలా కాశావు. నాన్న కాలు తగిలి సగం ఒలికితే ఆయన మీద పడి కొట్టావట. మళ్ళీ కిందకెళ్ళి నింపుకొచ్చావు. నాలుగో రోజు నేను పాలు తాగాను. అప్పుడు నువ్వే మోసుకెళ్ళి పారబోశావు.

అమ్మ ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నీకు చెప్పవద్దంది. "వాడు పెద్ద సంఘ పెద్దయ్యాడు, వాడికి నామోషీ" అనేది.

అదీ సంగతి. నాది ఇలా అయింది.

చెల్లి


మే 4

చిట్టీ,

బకెట్ గుర్తుంది. దాని తీగ వేళ్ళకి కోసుకోవడం గుర్తుంది. రెండో అంతస్తు మలుపులో దింపి చేతులు మార్చుకోవడం గుర్తుంది. ఎందుకు మోశానో మాత్రం పూర్తిగా పోయింది. నాకే గుర్తులేనిది చెల్లదంటే నేను మోసిన నీళ్ళు కూడా చెల్లవు. ఈ లెక్క నాకు ఎటునించి తిప్పినా కుదరలేదు.

నీ ఉత్తరం మీ వదినకిచ్చాను. చదివి, మడత పెట్టి, "మీరు పుట్టుకతోనే ఇంత" అంది. ఉప్పూ పప్పూ కాకుండా మాట్లాడిన మొదటి మాట.

నిన్న సంఘ సభ్యుల సభ జరిగింది. నేనే ప్రతిపాదించాను. పాస్టరుగారు నా మొహంలోకి చూసి జ్వరమేమైనా ఉందా అన్నారు. నేనన్నదిది: మన పద్ధతి ముంచడం. తొట్టి ఉన్నన్నాళ్ళూ, నేనున్నన్నాళ్ళూ అది మారదు. సభ్యత్వమూ దానితోనే. కానీ పసితనంలో నీళ్ళు పొంది, దాన్నే తమ బాప్తిస్మమని పట్టుకుని, ఆ మాట ప్రకారం బతికినవాళ్ళని బల్ల దగ్గర దాటి వెళ్ళడం నావల్ల కాదు. బల్ల మనది కాదు. మనం మోసేవాళ్ళం.

మా కోశాధికారి లేచి, "ఇవాళ రొట్టె అంటారు, రేపు తొట్టి పూడ్చేస్తారు" అన్నాడు. "పూడ్చాలంటే గొట్టాలు ఎక్కడున్నాయో నాకొక్కడికే తెలుసు, కూర్చో" అన్నాను. మెల్లగానే అన్నాను. వాదన రెండు గంటలు సాగింది. కొందరు బాధపడ్డారు, వాళ్ళ బాధా నిజమే. నిన్నటిదాకా నేనూ ఆ వరసలోనే కూర్చున్నాను. చేతులెత్తమంటే అవునన్నవాళ్ళు ఇరవై ఒకరు, కాదన్నవాళ్ళు పదిహేడు. నేను ఎత్తేలోపు మీ వదిన చెయ్యి లేచింది.

వాచీ ఆయన సభ్యుడు కాలేదు. అవుతాడో లేదో నాకు తెలియదు. ప్రతి గురువారం ఆయన కొట్టులో కూర్చుని వాదించుకుంటున్నాం. ఇప్పటికి ఆయనే ముందున్నాడు.

జూన్ మొదటి ఆదివారం వస్తావా? బావగారినీ తీసుకురా. తొట్టి మూసి ఉంటుంది. పైన తివాచీ పరిచి, దాని మీద పూలకుండీ పెట్టిస్తాను. చాలకపోతే రెండు.

అన్నయ్య


జూన్ 8

అన్నయ్యా,

ఇల్లు చేరాం. బస్సులో మీ బావగారు నా భుజం మీద నిద్రపోయారు కనక మోకాలితోబాటు ఇప్పుడు భుజం కూడా. రెండింటినీ పేరుపేరునా అడగాలి నువ్వు.

నేను కావాలనే ఆ వెనకనించి రెండో బల్లలోనే కూర్చున్నాను. వదిన ముందుకి రమ్మని సైగలు చేస్తున్నా కదల్లేదు. కుట్టు ఆవిడా, వాచీ ఆయనా నా ముందు వరసలో. పళ్ళెం వాళ్ళ దగ్గర ఆగింది. ఆయన తీసుకున్నాడు. ఆవిడ వెంటనే తీసుకోలేదు, ఆయన నమిలేదాకా ఆయన మొహమే చూసి, అప్పుడు తీసుకుంది. తరవాత నువ్వు నా వరసలోకి తిరిగావు. కిటికీకేసి చూస్తావేమో అనుకున్నాను. చూడలేదు. పళ్ళెం నాకేసి ఎంత వంచావంటే, ముక్క నేను తీసుకోనక్కర్లేకుండానే చేతిలోకొచ్చేసింది.

అక్కడిదాకా బాగుంది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ తలలు వంచారు. నేనూ వంచాను. చెప్పుల చప్పుడు. కళ్ళు తెరిచి చూస్తే మళ్ళీ నువ్వే, మళ్ళీ పళ్ళెం పట్టుకుని, నా ముందు.

"ఇందాకే తీసుకున్నాను కదా" అని గుసగుసలాడాను.

"తెలుసు" అన్నావు. కదల్లేదు.

బల్ల దగ్గర రెండోసారి వడ్డించడం మీ సంఘంలోనూ లేదు, మా సంఘంలోనూ లేదు, భూమ్మీద ఏ సంఘంలోనూ లేదు. పైగా ఒకసారి అయినదాన్ని రెండోసారి చెయ్యకూడదని మూడు నెలలుగా నీతో పోట్లాడుతున్న మనిషి ముందు బల్లలోనే ఉన్నాడు. ఆయన వెనక్కి తిరిగి ఒక కన్ను మూసి మనిద్దరినీ చూశాడు. వదిన దగ్గు నటించింది. పాస్టరుగారి ప్రార్థన అయిపోవస్తోంది. నువ్వు అలాగే నిలబడ్డావు, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఇంకా ఉన్నాయిగా అన్నట్టు.

ఏం చెయ్యను? తీసుకున్నాను.

చెల్లి